బాగుపడిన ఇంజిన్‌తో పదకొండు రోజులు

నా చేతి గడియారం మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనిలో దిగితే చాలు, ఏడు వేల అడుగులు నడిచానని నాకు అభినందనలు చెబుతుంది. ఒకసారి కిటికీ పక్క సీటు దొరికి దారి పొడవునా నిద్రపోయాను. ఆ రోజు నా ఆరోగ్యం చెప్పుకోదగ్గంతగా మెరుగుపడిందని ఒక పతకం బొమ్మ కూడా చూపించింది. పాపం, గడియారం అబద్ధమాడే రకం కాదు. ఊపు వచ్చింది, లెక్కపెట్టింది. ఆ ఊపు నా కాళ్లదా, రోడ్డుదా అని అడగడం దాని పని కాదు.

అడగడం నా పని. నాకు జీతం ఇచ్చేది దానికే.

బండ్లు తయారుచేసే ఒక కంపెనీలో నేను కాలిబ్రేషన్ ఇంజినీర్‌ని. కొత్త బండి మార్కెట్లోకి రాకముందే దాని ఈసీయూకి, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌కి, ఏది మామూలు, ఏది జబ్బు అని నేర్పడం మా వృత్తి. మా అమ్మ మాత్రం నేను మెకానిక్‌ననే నమ్ముతుంది. ఎమ్మిగనూరులో మా ఇంటికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒక బంధువు మోటార్ సైకిల్ వేసుకొచ్చి పొగ చూపిస్తాడు.

ఈ సంగతి జరిగింది రెండేళ్ల కిందట, పత్తి తీతలు మొదలై ఆదోని మార్కెట్ యార్డు ముందు బండ్లు బారులు తీరే రోజుల్లో. మేం ఒక చిన్న పెట్రోలు ట్రక్కు మీద పనిచేస్తున్నాం. మూడు సిలిండర్ల ఇంజిన్. నా భాగానికి వచ్చింది మిస్‌ఫైర్.

మిస్‌ఫైర్ అంటే పెద్ద విషయం కాదు. సిలిండర్లోకి వెళ్లిన పెట్రోలు, గాలి ప్రతిసారీ అంటుకోవాలి. ఒక్కోసారి అంటుకోదు. మెకానిక్కులు దీన్ని మిస్సింగ్ అంటారు. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి వెళ్లి, అక్కడ పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. కాబట్టి మిస్‌ఫైర్ వస్తే డ్రైవర్ ముందు లైటు వెలగాలి. వెలిగించేది క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ ఇచ్చే సమాచారం. ఇంజిన్‌తో పాటు క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసు మీద ఒక పళ్ల చక్రం తిరుగుతుంటుంది, దాని పక్కన వేలెడంత సెన్సర్ కూర్చుని ఒక్కో పన్ను దాటడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తుంది. ఒక సిలిండర్ మండకపోతే చక్రం ఆ క్షణంలో రవ్వంత నెమ్మదిస్తుంది. ఆ రవ్వంతను పట్టుకోవాలి, అంతే.

చిక్కల్లా గుంతలతోనే. బండి గుంతలో పడితే ఆ కుదుపు టైర్ల నుంచి గేర్ల గుండా వెనక్కి పాకి ఇంజిన్‌ను కూడా రవ్వంత నెమ్మది చేస్తుంది. నా గడియారానికి ఉన్న జబ్బే ఈ సెన్సర్‌కూ ఉంది.

టెస్ట్ ట్రాక్ మీద అంతా బాగానే పనిచేసింది. ఒక మీటింగులో మా మేనేజర్ నన్ను, "మీది ఎమ్మిగనూరు కదా, అక్కడ లోపలి రోడ్లు ఎలా ఉంటాయి?" అని అడిగాడు. నిజాయితీగా చెప్పాను. నిజాయితీకి నాకు దొరికిన ప్రతిఫలాల్లో అదొకటి: ఆదోనిలో లాడ్జి గది, నెల రోజుల గడువు.

బండి నడపడానికి ట్రావెల్స్ వాళ్లు ఈరన్నను పంపారు. పెద్దకడుబూరు మనిషి. యాభై దాటి ఉంటాయి. ఇరవై ఏళ్లకు పైగా పత్తి లారీలు తోలినవాడు. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టుకుని, సీట్లో కూర్చునే ముందు స్టీరింగ్‌కు దండం పెట్టుకునేవాడు. మొదటి రోజు ఫోన్లో మేనేజర్‌తో మాట్లాడిస్తే, ఆయన అందరు మేనేజర్ల మాదిరే ఉత్సాహంగా, "బాగా నడపండి ఈరన్నా, పని బాగుంటే మా ట్రాక్‌లోనే పర్మనెంట్‌గా తీసుకుందాం" అనేశాడు. ఆయన ఆ మాట సాయంత్రానికి మర్చిపోయి ఉంటాడు. ఈరన్న ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాడు. మర్నాటికి ఊరంతా చెప్పుకున్నారు.

ఆ ఉద్యోగం ఆయనకు ఎంత అవసరమో నడుము బెల్టు చూస్తేనే తెలిసేది. లారీ ఎక్కాలంటే ఇక కుదరదన్నాడట డాక్టరు. రోజూ ఏదో ఒక వంకతో ట్రాక్ సంగతి ఎత్తేవాడు.

"ఆడ రోడ్డు ఎట్లుంటాది సారూ?"

"నున్నగా ఉంటుంది అన్నా. ఒక పక్క గుంతలు కూడా ఉంటాయి. కొలత ప్రకారం కట్టారు."

"గుంతలు కట్టినారా?"

"అవును. ఇంత లోతు, ఇంత వెడల్పు అని."

ఈరన్న ఒక గుంతను తప్పించి, "మమ్మల్ని అడిగింటే ఊరికే ఇస్తుంటిమి కద సారూ" అన్నాడు.

పని ఇదీ. ఆదోనిలో బయల్దేరి, పెద్దకడుబూరు మీదుగా ఊళ్ల లోపలి రోడ్లు పట్టుకుని ఎమ్మిగనూరు చేరాలి, మళ్లీ వెనక్కి రావాలి. బరువు కోసం వెనక ఇసుక మూటలు. దారిలో పత్తి మూటలతో నిలబడ్డ రైతులు బండి ఆపేవాళ్లు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఇసుక తీసుకెళ్లి, అదే ఇసుకను మళ్లీ ఆదోనికి తెస్తున్నామని తెలిశాక ఒక పెద్దాయన నా ముఖంలోకి తేరిపార చూసి, "ఏం సదువుకున్యావు నాయనా?" అని అడిగాడు. బీటెక్ అన్నాను. "సరేలే" అన్నాడు.

మొదటి వారం రోడ్డుతోనే సరిపోయింది. ఇంజిన్ శుభ్రంగా ఉంది, కానీ ప్రతి గుంతకూ సెన్సర్ మిస్‌ఫైర్ అంటోంది, లైటు వెలుగుతోంది. నేను సాఫ్ట్‌వేర్‌లో థ్రెషోల్డ్ పెంచాను. అంటే ఇంతకంటే ఎక్కువ కుదుపు వస్తేనే పట్టించుకో అని ఈసీయూకి చెప్పాను. లైటు ఆగింది. ఇప్పుడు రెండో పరీక్ష. రోడ్డు కుదుపును వదిలేస్తోంది సరే, నిజమైన మిస్‌ఫైర్‌ను పట్టుకుంటోందా?

దీనికి మా దగ్గర ఒక పెట్టె ఉంటుంది. మిస్‌ఫైర్ జనరేటర్ అంటాం. ఈసీయూకి, స్పార్క్ ప్లగ్గులకు నిప్పు అందించే కాయిళ్లకు మధ్య దాన్ని కలుపుతాం. అది మేం చెప్పిన లెక్కలో అక్కడక్కడ ఒక స్పార్క్‌ను మింగేస్తుంది. అంటే బాగున్న ఇంజిన్‌ను మేమే కావాలని మిస్ కొట్టిస్తాం. ఎప్పుడు కొట్టిస్తున్నామో డ్రైవర్‌కు చెప్పకూడదన్నది పద్ధతి. తెలిస్తే కాలు తేడాగా వేస్తాడు, డేటా పాడవుతుంది. సీటు వెనక పెట్టె బిగించి, సీలు వేసి, "ఈ డబ్బా మాత్రం ముట్టుకోవద్దు అన్నా" అని ఈరన్నకు చెప్పాను. మొదటి రోజు నేనూ బండిలో కూర్చున్నాను. పెట్టె మింగిన స్పార్కుల్లో మూడో వంతు సెన్సర్ పట్టుకుంది, మొదటి రోజుకు అది తక్కువేం కాదు. చాలా సంతోషించాను. ఈ వృత్తాంతంలో నా సంతోషం గురించి చెప్పుకోగలిగింది ఇంతే.

ఆ సాయంత్రం ఆదోనిలో బండి దిగుతుంటే ఈరన్న అన్నాడు:

"సారూ, బండి మిస్సింగ్ కొడ్తాంది."

"లేదన్నా, బాగానే ఉంది."

"బాగ లేదు సారూ. నిన్న దాకా బాగుండె. పొద్దున్నుంచి దగ్గు పట్టుకున్యాది."

"ఏం పర్లేదు. మీరు నడపండి."

"ఏం పర్లేదా?"

"ఏం పర్లేదు."

ఆయన నన్ను కాసేపు అలాగే చూశాడు. ఆ చూపును నేను గౌరవం అనుకున్నాను.

మరుసటి రోజు నుంచి నేను లాడ్జిలో కూర్చుని డేటా చూడటం, ఈరన్న ఒక్కడే రోజుకు రెండు ట్రిప్పులు తిప్పడం. ఆ మొదటి ట్రిప్పు డేటా తెరిచాను. పెట్టె వందల స్పార్కులు మింగానని రాసుకుంది. సెన్సర్ ఒక్కటీ వినలేదు. సున్నా. రెండో ట్రిప్పు, సున్నా. నేను థ్రెషోల్డ్ మరీ పెంచేశాననుకున్నాను. కొంచెం తగ్గించాను. సున్నా. ఇంకా తగ్గించాను. గుంతలన్నీ మళ్లీ మిస్‌ఫైర్లయ్యాయి, ఊరి మొదట్లో ఉండే స్పీడ్ బ్రేకర్లు సహా. పెట్టె మింగిన స్పార్కులు మాత్రం ఒక్కటీ కనబడలేదు.

అలా పదకొండు రోజులు. సెన్సర్ మార్చాను. సెన్సర్‌కు, పళ్ల చక్రానికి మధ్య ఉండాల్సిన సందును రోజూ పొద్దున, సాయంత్రం కొలిచాను. రాత్రికి రాత్రి అది పెరిగే ప్రమాదం లేదని తెలిసే కొలిచాను. పెట్టె సీలు చూశాను, చెక్కు చెదరలేదు. పెట్టె మీద పచ్చలైటు ధర్మంగా వెలుగుతోంది. మేనేజర్ రోజూ ఫోన్ చేసి, "చెవుడు సెన్సర్‌కా, నీకా?" అని అడిగేవాడు. నాలుగో రోజు నుంచి నాకూ అనుమానం వచ్చింది. గడువు తరిగిపోతోంది. నేను విసుక్కోనిది గోడకున్న క్యాలెండర్ మీద ఒక్కటే, అది కూడా పాతది కాబట్టి.

ఈ పదకొండు రోజులూ ఈరన్న మహా హుషారుగా ఉన్నాడు. సాయంత్రం తాళాలిస్తూ, "ఆఫీసరు సారు నా సంగతేమన్నా అన్నాడా?" అని అడిగేవాడు. అనలేదంటే, "అంటాడులే సారూ. బండి అట్లుండాది" అనేవాడు. ఆ మాటలో నేను వినాల్సింది ఒకటుందని నాకు తట్టలేదు.

పన్నెండో రోజు పొద్దున ఓపిక నశించి, మార్కెట్ యార్డు పక్కన బండి నిలబెట్టి, పెట్టెకు గరిష్ఠ ఆజ్ఞ ఇచ్చాను: ఒక సిలిండర్‌కు స్పార్క్ మొత్తం ఆపెయ్. మూడు సిలిండర్ల ఇంజిన్లో ఒకటి పూర్తిగా ఆగితే బండి వణికి చావాలి. పచ్చలైటు వెలిగింది. ఇంజిన్ హాయిగా, నిద్రపోతున్న పిల్లిలా గురగురమంటోంది. ఇది మొదటి రోజే చేయాల్సిన పరీక్ష. నా రిపోర్టులో ఆ వాక్యం లేదు.

పక్కన నిలబడ్డ ఈరన్న నా ముఖం చూసి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నవాడిలా నవ్వాడు.

"ఎట్లుండాది సారూ ఇంజను? వెన్న మాదిరి లేదా?"

"అన్నా," అన్నాను, "ఏం చేశారు?"

"మిస్సింగ్ తీయించినా సారూ."

"డబ్బా ముట్టుకోవద్దన్నాను కదా!"

"డబ్బా ఎవరు ముట్టుకున్యారు? సీలు సూడు. వైర్లు ముట్టుకోవద్దని యాడ సెప్పినావు?"

చెప్పలేదు. నిజమే.

"నాకు చెప్పొచ్చు కదా అన్నా?"

"సెప్పినా కద. ఏం పర్లేదంటివి. సిన్నపిల్లోడు, కంప్యూటర్ సదువు, ఇంజను సంగతి తెల్దేమో అనుకుంటి. పైన ఆఫీసరుకు తెలిస్తే నీ మాట పోతాది, బండి సెడగొట్టినానని నా ఉద్యోగం పోతాది. గమ్మున రసూలు కాడికి తోలకపోయినా."

రసూల్ యార్డు వెనక రేకుల షెడ్డులో మెకానిక్. ఏం పీకాడో ఖాయంగా తెలుసుకుందామని వెళ్లాను. గ్రీజు చేతులు తుడుచుకుంటూ ఆయన ఎంతో ఓపికగా వివరించాడు.

"మూడు కాయిళ్ల వైర్లు నేరుగా పోకుండా, సుట్టు తిరిగి ఏదో డబ్బాలోకి పోతాండాయి సాబ్. కరెంటు మింగే డబ్బా అది. ఎవడో బేకార్‌గాడు పెట్టినాడు. కప్లర్లు పీకి నేరుగా కలిపేసినా. బండి ఖుష్."

ఆ బేకార్‌గాడిని నేనేనని చెప్పుకోవడానికి సందర్భం అనుకూలించలేదు. కృతజ్ఞతలు చెప్పి వచ్చేశాను. "మల్ల ఎవడన్నా పెడితే నా కాడికే రా సాబ్" అని వెనక నుంచి అరిచాడు.

మేనేజర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "ఆ డ్రైవర్‌ను ఇవాళే పంపించెయ్. ట్రాక్ మాట మర్చిపొమ్మను" అన్నాడు.

ఈరన్న దూరంగా బండి అద్దం తుడుస్తున్నాడు. అప్పటికే తుడిచిన అద్దం అది. నాకు ఒక సంగతి అప్పుడు తట్టింది. పెట్టె ఎక్కడో వందలో ఒక్క స్పార్క్ మింగుతుంటే, ఈ రోడ్డు మీద, ఇసుక మూటల కింద, ఈయన మొదటి పూటే పట్టేశాడు. మా సెన్సర్ ఇంకా గుంతల దగ్గరే ఉంది. "రెండు రోజులివ్వండి సార్" అన్నాను. ఇచ్చాడు. ఎందుకో అడగలేదు, నేనూ చెప్పలేదు.

పెట్టెను మళ్లీ కలిపి, ఈసారి ఈరన్నకు అంతా విప్పి చెప్పాను. బాగున్న ఇంజిన్‌ను కావాలనే చెడగొడుతున్నామని విన్నప్పుడు ఆయన ముఖం, ఎవరో పసిపిల్లాడిని గిల్లడం చూసినట్టు అయింది. పద్ధతి పుస్తకాన్ని పక్కన పెట్టి ఒక పరీక్ష పెట్టుకున్నాం. నేను పక్క సీట్లో లాప్‌టాప్ ఆయనకు కనబడకుండా తిప్పుకుని, నాకు తోచినప్పుడు పెట్టెతో మిస్ కొట్టిస్తాను. తెలిసినప్పుడల్లా ఆయన స్టీరింగ్ మీద ఒక దెబ్బ వేయాలి.

పెద్దకడుబూరు దాటాక రోడ్డు తన స్వరూపం చూపించింది. లైటు వెలిగింది. ఈరన్న చెయ్యి కదలలేదు.

"అన్నా, ఇది?"

"గుంత."

లైటు మళ్లీ వెలిగింది.

"మరి ఇది?"

"అదీ గుంతే."

అప్పుడు నేను మెల్లగా ఒక్క స్పార్క్ మింగించాను. లైటు వెలగలేదు. ఈరన్న టప్పుమని స్టీరింగ్ మీద కొట్టి, "ఇదో, ఇదీ మిస్సింగ్ అంటే" అన్నాడు.

ఎమ్మిగనూరు చేరేలోగా నలభై ఒక్క సార్లు మిస్ కొట్టించాను. ఈరన్న నలభై పట్టుకున్నాడు. తప్పిపోయిన ఒక్కటి, బర్రెలు అడ్డం వచ్చి ఆయన వాటి యజమాని వంశం గురించి మాట్లాడుతున్నప్పటిది. సెన్సర్ సగం పట్టుకుంది. దానికి తోడు చాలా గుంతలను సొంతంగా కనిపెట్టింది.

"ఎలా తెలుస్తోంది అన్నా?"

"ఎట్లేముంది? గుంత ముందు సక్రానికి తగుల్తాది, ఆడినుంచి నడుముకొస్తాది. మిస్సింగ్ నేరుగా పాదానికొస్తాది. యాక్సిలేటర్ మీద కాలు పెట్టినోనికి తెల్దా సారూ? రెండూ ఒకటెట్లయితాయప్పా?"

లాప్‌టాప్ మూసేశాను. నాలుగేళ్లుగా నేను ఒక్క క్రాంక్‌షాఫ్ట్ వైపే చూస్తున్నాను. ఈ ట్రక్కులో బ్రేకుల కోసం నాలుగు చక్రాల దగ్గరా వీల్ స్పీడ్ సెన్సర్లు ఎలాగూ ఉన్నాయి. కుదుపు ముందు చక్రంలో కనబడి తర్వాత ఇంజిన్‌కు వస్తే రోడ్డు. చక్రాలు ప్రశాంతంగా ఉండి ఇంజిన్ ఒక్కటే తడబడితే మిస్‌ఫైర్. మా రంగంలో ఇది ఎవరికీ తెలియని రహస్యమేం కాదు. మా బండిలో ఎవరూ వాడలేదు, అంతే. నలభై అంకె వినిపించి, ఈరన్నను గడువు దాకా ఉంచుకోవడానికి మేనేజర్‌ను ఒప్పించాను. నాలుగు రోజులు కూర్చుని ఆ లెక్క రాశాను. ఎక్కడ గుంత, ఎక్కడ మిస్ అనడానికి ఈరన్న దెబ్బలే నాకు కొలబద్ద. గడువుకు రెండు రోజుల ముందు, ఆ రోడ్డు మీదే లైటు వెలగాల్సిన చోట వెలిగింది, మిగతా చోట నోరు మూసుకుంది.

మేనేజర్ సంతోషించాడు. రిపోర్టులో ఈరన్న పేరు రాశాను, ఆయన చేయించిన రిపేరుతో సహా. ట్రాక్ ఉద్యోగం సంగతి మళ్లీ ఎత్తితే, ఆశ్చర్యం, ఒప్పుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన మెయిల్ పెట్టాక ఎచ్ఆర్ నుంచి ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. టెస్ట్ డ్రైవర్‌కు పదో తరగతి సర్టిఫికెట్ తప్పనిసరి అంది. ఈరన్న శనక్కాయలు పీకే కాలంలో ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. ఆయన పాదం గురించి, నలభై గురించి చెప్పాను. "అదర్ స్కిల్స్ అని ఒక కాలమ్ ఉంది సార్. కానీ మొదటి కాలమ్ నింపితేగానీ ఫారం అక్కడిదాకా వెళ్లదు" అంది, ఎంతో మర్యాదగా. మేనేజర్ ఇంకో రెండు మెయిళ్లు పెట్టాడు. ఫారం వెళ్లలేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. సెన్సర్ ఏమీ చెప్పలేదంటే రెండు కారణాలుండొచ్చు: దానికి వినబడటం లేదు, లేదా వినడానికి అక్కడ ఏమీ లేదు. ఇంజినీరు ఎప్పుడూ మొదటిదే నమ్ముతాడు, ఎందుకంటే దానికి మందు తన దగ్గరుంది. రెండోదాన్ని పరీక్షించడానికి ఐదు నిమిషాలు, ఒక తాళం చెవి చాలు. నాకు పదకొండు రోజులు పట్టింది. ఇంకొకటి కూడా ఉంది. డ్రైవర్ వచ్చి బండి దగ్గుతోందని చెబితే, "ఏం పర్లేదు" అన్నది సమాధానం కాదు.

చివరి రోజు ఎమ్మిగనూరు బయట, గోనెగండ్ల దారిలో టీ కొట్టు దగ్గర ఆగాం. ఎచ్ఆర్ మాట చెప్పడానికి రెండు టీలు పట్టింది నాకు. ఈరన్న పదో తరగతి అన్న చోట ఒకసారి తలెత్తాడు. అయిపోయాక గ్లాసు బల్ల మీద పెట్టి, నడుము బెల్టు సర్దుకుని, బండి వైపు చూశాడు.

"ఆ సెన్సరు నా కాడ నేర్సుకున్యాదే కద సారూ," అన్నాడు. "అది ఎంతదాకా సదివినాది?"